మామ కత్తిరించిన గోడ

మా ఇంటి గోడకు పాకింది ఐవీ కాదు. నాకు తెలుసు. ఇంటికి వచ్చేవాళ్ళలో మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు గోడ దగ్గరికి పోయి, ఆకు తుంచి, కారిన పాలు చూసి, "సిస్టర్, ఇది ఐవీ కాదండీ, మర్రి జాతి తీగ" అని చెప్పి నా మొహంలోకి చూస్తారు. నేను మోసపోయానని బాధపడతానేమోనని వాళ్ళ ఆశ. నేను "అట్లనా" అని, ఆకు తుంచినందుకు లోపల్లోపల తిట్టుకుని, టీ పెట్టడానికి పోతాను. మహబూబ్‌నగర్ ఎండకు అసలు ఐవీ మొదటి ఎండాకాలంలోనే దండం పెట్టి వెళ్ళిపోతుందని నర్సరీ అతనికి ముందే తెలిసి ఉంటుంది. నేను ఐవీ కావాలని పట్టుబట్టాను కాబట్టి ఐవీ అనే ఇచ్చాడు. నేనూ ఐవీ అనే తెచ్చుకున్నాను. పేరు అట్లా ఉండిపోయింది, ఇప్పుడు మార్చేది లేదు.

ఆ పట్టు ఎక్కడిదో చెప్పాలి. కట్టంగూర్ దగ్గర, హైవే పక్కన మా ఊరు. అమ్మా బాపూ కూలికి పోయేవాళ్ళు. మాది రేకుల ఇల్లు, ఒంటి ఇటుక గోడలు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పడమటి గోడకు వీపు ఆనిస్తే రొట్టె పెంకకు ఆనించినట్టే. ఆదివారాలు చర్చికి పోయేవాళ్ళం. అక్కడ పాస్టరమ్మ ఎవరో పంపిన క్రిస్మస్ కార్డు ఒకటి అద్దం కట్టించి గోడకు పెట్టింది. అందులో ఒక రాతి ఇల్లు. కిటికీలు తప్ప గోడ కనబడకుండా ఒకటే ఆకు. ప్రసంగం సాగుతున్నంతసేపూ నా చూపు ఆ ఇంటి మీదే ఉండేది. అది ఏం ఆకు అని అడిగితే పాస్టరమ్మ చెప్పింది: "ఐవీ అంటరు బిడ్డా. ఎండలైనా సలికాలమైనా పచ్చగనే ఉంటదంట." ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. మా ఊళ్ళో ఎండాకాలం వేపచెట్టు తప్ప పచ్చగా ఉండేదేదీ నేను ఎరగను. కానీ నమ్మకపోతే ఏం, ఆశపడ్డాను. నాకంటూ ఇల్లుంటే దాని పడమటి గోడ ఇట్లానే ఉండాలనుకున్నాను.

చదువుకున్నాను, నర్సునయ్యాను, మహబూబ్‌నగర్ సర్కారు దవాఖానలో ఉద్యోగం వచ్చింది. ఒకరోజు కరెంటు షాకు తగిలి చెయ్యి కాల్చుకున్న లైన్‌మన్ ఒకాయన వచ్చాడు. కట్టు కట్టినంతసేపు అరవలేదు. కట్టు మార్చుకోవడానికి మాత్రం చెప్పిన రోజులకంటే ఎక్కువసార్లు వచ్చాడు. ఆయనే మా ఆయన. మక్తల్ దిక్కు గొర్రెల కాపరుల కుటుంబం వాళ్ళది. మాది వాళ్ళు నీళ్ళు తాగని ఇళ్ళ కుటుంబం. ఇంతకంటే దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు, మన దగ్గర చదివే ఎవరికైనా అర్థమవుతుంది. పెళ్ళికి మా అమ్మ ఏడ్చింది, ఆ తర్వాత ఒప్పుకుంది. వాళ్ళ వైపు ఎవరూ ఏడ్వలేదు, ఒప్పుకోనూ లేదు. అత్తమ్మ అప్పటికే చనిపోయింది. మామ పెళ్ళికి రాలేదు. వద్దని కూడా అనలేదు. వద్దని ఉంటే పోట్లాడేదాన్ని. ఏమీ అనని మనిషితో ఏం పోట్లాడతాం?

తెలంగాణ వచ్చిన కొత్తలో ఊరి చివర ఒక కాలనీలో చిన్న జాగా కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం పాలు పొంగిన పొయ్యి ఇంకా చల్లారకముందే నేను పోయి ఆ తీగ తెచ్చి పడమటి గోడ కింద నాటాను. మొదటి ఏడాది అది కదల్లేదు. మా ఆయన రోజూ ఆటపట్టించేవాడు: "నీ ఐవీ తపస్సు చేస్తుందే." రెండో ఏడాది బల్లిలాగా గోడకు అతుక్కుని పైకి రావడం మొదలుపెట్టింది. దానికి కర్ర అక్కర్లేదు, తాడు అక్కర్లేదు. సన్నటి వేళ్ళతో సున్నాన్ని పట్టుకుని తన దారిన తాను ఎక్కుతుంది. ఆ తర్వాత రెండు వానాకాలాలకు గోడ మూసుకుపోయింది. నా వేలిగోరంత ఆకులు, ఒకదాని మీద ఒకటి. మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి లోపలి వైపు నుంచి ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. గోడ చల్లగా ఉండేది. అంత సుఖం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మామ అప్పుడు వచ్చాడు.

మోకాళ్ళు పట్టేశాయి. మంద వెంట తిరగలేకపోతున్నాడు. ఊళ్ళో మా బావగారు మందను చూసుకుంటానని చెప్పి, వైద్యానికి తండ్రిని మా దగ్గరికి పంపాడు. మా ఆయన బస్టాండు నుంచి తీసుకొచ్చాడు. చేతిలో కర్ర, భుజాన నల్ల గొంగడి, ఒక గుడ్డసంచి. అరుగు మీద కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి మా ఆయన చేతికిచ్చాను. మా ఆయన తండ్రికిచ్చాడు. మామ ఎత్తిపట్టి తాగాడు. ఆ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో ఆయన అడగలేదు. అన్నం కూడా అంతే. నేను వండితే మా ఆయన వడ్డించేవాడు. ఆ ఇంట్లో అన్నం తనంతట తానే ఉడికి గిన్నెలో కూర్చున్నట్టు మామ తినేవాడు.

నాతో మాట మాత్రం లేదు. నేను ఎదురుపడితే తల పక్కకు తిప్పుకునేవాడు. నేను గదిలోకి వస్తే గొంతు సవరించుకుని బయటికి పోయేవాడు.

"మా దిక్కు మామలు కోడండ్లతోటి మొఖం జూసి మాట్లాడరే. గది మర్యాద," అన్నాడు మా ఆయన. "మా వదినతోటి కూడ మాట్లాడడు."

"పిలువడు కూడానా?"

"అవసరం వడ్తె పిలుస్తడు గావొచ్చు. నేనెప్పుడు సూడలే."

అదీ నా బాధ. మర్యాద కొద్దీ మాట్లాడకపోవడమూ, నేనంటే గిట్టక మాట్లాడకపోవడమూ పైకి ఒకేలాగా ఉంటాయి. రెంటికీ తల అట్లాగే పక్కకు తిరుగుతుంది. దవాఖానలో ఊరూ పేరూ తెలియని ముసలివాళ్ళు రోజంతా నన్ను "బిడ్డా" అని పిలుస్తారు. ఇంటికొస్తే మా ఆయనను కన్న మనిషికి నేను గాలితో సమానం. ఆయన నాకు చీర పెట్టక్కర్లేదు, దీవించక్కర్లేదు. ఒక్కసారి పిలిస్తే చాలు. కోపంగా పిలిచినా ఫరవాలేదు. ఆ ఇంట్లో నేను ఒక మనిషినని ఆయన నోట రావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఒక్క మాట కోసం కాచుక్కూర్చున్నాను.

మోకాళ్ళకు మందు రాసి కట్టు కట్టేది కూడా నేనే. కాలు చాపి, మొహం గోడవైపు తిప్పుకుని, తన కాలు కాదన్నట్టు కూర్చునేవాడు. గోడవైపు అంటే తీగవైపు. మొదట్లో దాన్ని చూసి కొడుకును అడిగాడు, నాకు వినబడింది: "గోడకు గింత ఆకు ఎందుకురా? మ్యాకలున్నయా ఏంది ఇంట్ల?" ఆకు ఎక్కడున్నా దాన్ని తినడానికి ఒక నోరు ఉండాలని ఆయన లెక్క. చూడటానికి ఆకు పెంచుకుంటారంటే ఆయనకు వింతే.

కానీ పొద్దంతా ఇంట్లో ఎవరూ ఉండరు. మా ఆయన స్తంభాల మీద, నేను వార్డులో. ఆయనకు తోడుగా ఉన్నది ఆ గోడే. గోడ నీడ తిరిగినట్టల్లా మంచం జరుపుకునేవాడు. ఏ పూట మొదలైందో నాకు తెలియదు గానీ, తీగతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒకరోజు నేను వంటింట్లో ఉంటే పెరట్లోనుంచి గొంతు వచ్చింది, కావాలని కాస్త పెద్దగా:

"ఓ తీగా! ఇయ్యాల పప్పుల ఉప్పు లేదు. ఎవలకన్న జెప్పు."

చేతిలో గంటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. నవ్వాలా, కోపం తెచ్చుకోవాలా తెలియలేదు. నాకు ముందు కోపమే వస్తుంది, పుట్టుబుద్ధి. కిటికీ దగ్గరికి పోయి నేనూ గొంతెత్తాను:

"తీగా! ఉప్పు డబ్బ పీట మీదనే ఉన్నది. చేతులున్నోళ్ళు ఏసుకోవచ్చు అని జెప్పు."

బయటినుంచి పెద్దగా దగ్గు. ఆ దగ్గు దగ్గు కాదని నాకు తెలుసు, నర్సును కదా.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ తీగే దిక్కయింది. "తీగా, నల్లా వొచ్చింది, డ్రమ్ము నింపుకోమను." "తీగా, మాత్రలు ఏసుకోకుంటే రేపు సూదే అని జెప్పు." "తీగా, నీ కింద ఎండుటాకులు వడ్డయి, ఊడిసేటోళ్ళు లేరా?" "ఊడిసేటోళ్ళకు రెండే చేతులని జెప్పు తీగా." సాయంత్రం మా ఆయన ఇంటికొస్తే మేం ఇద్దరం గోడతో పోట్లాడుతూ కనబడేవాళ్ళం. ఆయన చెప్పులు విప్పుతూ, "కరెంటోన్ని నేను. తీగలతోటి కొట్లాడుడు నా పని, మీరు జేస్తున్నరు," అని నవ్వేవాడు. నవ్వడానికి నేనూ నవ్వేదాన్ని. కానీ లోపల ఒక ముల్లు ఉండేది. తీగతో మాట్లాడినంత సులువుగా నాతో మాట్లాడొచ్చు కదా, నేను ఆ తీగకంటే కాని దాన్నా అని.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి, ఆ తీగకు ఆయనలాంటి కాపలా ఇంకెవరూ కాయలేరు. మా కాలనీలో మేకలు తిరుగుతాయి. గేటు తీసి ఉంటే చాలు, దూరి వచ్చి నోరు పెట్టేవి. మామ వచ్చాక వాటి ఆట కట్టింది. బతుకంతా ఎవరి కంచె ఎక్కడ వదులుగా ఉందో చూసి మందను తోలిన మనిషి, ఇప్పుడు కర్ర ఎత్తి "హేయ్! ఎవలియిరా ఇవి? కట్టేసుకుంటందుకు తాడు లేదా?" అని వీధి మొత్తం వినబడేటట్టు తిట్టేవాడు. ఈ తిట్లన్నీ ఆయన ఎప్పుడో ఒకప్పుడు తిన్నవేనని మా ఆయన చెవిలో చెబితే నాకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వు వచ్చింది.

చలికాలం పోయింది. హోలీ కూడా పోయింది. ఎండ ముదురుతోంది. ఒకరోజు పొద్దుటి డ్యూటీ చేసుకుని మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. గేటు తీయగానే ఏదో తేడా కొట్టింది. ఇల్లు తెల్లగా, కొత్తగా, ఎవరి ఇల్లో అన్నట్టు కనబడింది. ఇంకో అడుగు వేసేసరికి అర్థమైంది. గోడ మీద ఆకు లేదు.

ఒక్క ఆకు లేదు. ఎండిన నరాల్లాగా కాడలు మాత్రం గోడకు అంటుకుని ఉన్నాయి. కింద పచ్చటి ఆకు మోకాలెత్తు కుప్ప. కుప్ప పక్కన, చెమటలు కారుతూ, ఎంతో పని చేసిన మనిషిలాగా తృప్తిగా మామ. చేతిలో గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెర. ఆ కత్తెర ఆయన సంచిలోనే ఉండి ఉంటుంది, నేనెప్పుడూ చూడలేదు. అందినంత మేర నిలబడి, అందనంత మేర మా స్టూలు ఎక్కి, ఆ మోకాళ్ళతోనే, గొర్రెకు చర్మం దాకా ఉన్ని తీసినట్టు గోడంతా నున్నగా తీసేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్యాద, మామ, కోడలు, అన్నీ ఎటో పోయాయి.

"మామా! ఏం జేసినవ్? ఏం జేసినవ్ నువ్వు? ఎన్నేండ్ల సంది పెంచుకున్న దాన్ని! గీ ఇంట్ల నాదని ఒక్కటన్న ఉంచవా? నన్నెట్లాగు మనిషి లెక్కన జూస్తలేవు, నా ఆకు ఏం జేసింది నీకు?"

ఆయన మొహంలో తృప్తి ఎగిరిపోయింది. నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ గోడవైపు తిరిగాడు, తీగకు ఏదో చెబుదామని. గోడ బోసిగా ఉంది. తిరిగి నోరు మూసుకున్నాడు. కత్తెర సంచిలో పెట్టుకుని, కర్ర అందుకుని, అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. నేను లోపలికి పోయి తలుపు దబాల్న వేసుకున్నాను. ఆ పూట వంట చేయలేదు. కోపం వచ్చింది, వస్తే రానీ అనుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చి గోడ చూసి తల పట్టుకున్నాడు. తండ్రి దగ్గర కూర్చుని ఏదో మాట్లాడి, తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"నీ మీద కోపంతోటి జెయ్యలేదే. ఎండలు ముదరకముందు గొర్లకు ఉన్ని తీస్తరు. తియ్యకుంటే వేడికి సొక్కి పడిపోతయి. గోడ మీద ఆకు గంత దట్టంగ అయ్యింది, లోపల వేడి పుట్టి సచ్చిపోతదని అనుకున్నడు. నువ్వు వొచ్చేటాలకు చేసి పెడితే ఖుషీ అయితవని..."

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. నేను ఖుషీ అవ్వాలని ఆయన అనుకున్నాడా? మా ఆయన కల్పించి చెబుతున్నాడేమో తెలియలేదు. కల్పించడంలో ఆయన తక్కువ తినలేదు. కానీ మామ చేసిన తప్పు మాత్రం గొర్రెలు కాసిన మనిషి తప్ప ఇంకెవరూ చేయలేనిది. ఉన్ని తీస్తే గొర్రెకు చల్లన. ఆకు తీస్తే తీగకు అట్లా కాదు. ఆ ఆకే ఆ కాడలకు నీడ. నీడ తీసేసి, పడమటి ఎండకు ఎదురుగా నిలబెట్టాడు దాన్ని.

మర్నాటికే తెలిసిపోయింది. పైన సన్నకాడలు గోధుమరంగుకు తిరిగాయి. గిల్లి చూస్తే లోపల పచ్చ లేదు, పాలు రాలేదు. కింది మొదలు దగ్గర గిల్లితే కాస్త తడి. నేను గిల్లడం మామ దూరంనుంచి చూశాడు. తర్వాత తానూ వచ్చి గిల్లి చూశాడు. ఏమీ అనలేదు. తీగకు కూడా ఏమీ చెప్పలేదు. మా ఇంట్లో ఒక్కసారిగా ఎవరి గొంతూ లేకుండా పోయింది.

ఆయన ఊరికి పోతానంటాడనుకున్నాను. సంచి సర్దుకోవడం చూశాను కూడా. కానీ మధ్యాహ్నం ఎండ గోడ మీదికి తిరిగే వేళకు, సంచి పక్కన పెట్టి, గొంగడి తీసుకుని పెరట్లోకి పోయాడు. ఆ గొంగడి ఆయన మంద ఉన్నితో నేయించుకున్నది. వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి పరుపు, అన్నీ అదే. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దాన్ని తీసుకుపోయి డ్రమ్ములో ముంచాడు. తడిసిన గొంగడి ఎంత బరువుంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఒక కొస పట్టుకుని లేపబోయాడు, లేవలేదు. మోకాలు వంగింది. మళ్ళీ లేపబోయాడు. మళ్ళీ జారింది. పిలవడానికి ఎవరూ లేరు. నేను ఉన్నాను, నన్ను పిలవడు. ఆ కొస పట్టుకుని అట్లా నిలబడిపోయాడు.

నేను కిటికీ దగ్గర ఉండి చూస్తున్నాను. కోపం ఇంకా పోలేదు. కోపంతోనే పోయి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం ఎత్తి, గోడ మీది మేకులకు వేసి, కాడల ముందు తెరలాగా దించాం. నీళ్ళు మా ఇద్దరి మీదా కారాయి. ఆయన నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు.

గొంగడి గోడ మొత్తానికి చాలదు. నేను పోయి అమ్మ ఇచ్చిన పాత చీరలు తెచ్చాను. మా ఆయన గోనెసంచులు తెచ్చాడు. ఆ ఎండాకాలమంతా మా గోడ ఆ వేషంతోనే ఉంది. ఎండ తిరిగే వేళకు తడపడం, పొద్దు వాలాక తీసి మొదట్లో నీళ్ళు పోయడం. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో ఆయనే చెంబుతో నీళ్ళు చల్లి తడిపేవాడు. వీధిలో వాళ్ళు గేటు దగ్గర ఆగి, "ఏంది సిస్టరమ్మా, గోడకు జొరమొచ్చిందా?" అని అడిగేవాళ్ళు. "వొచ్చింది. మీకు అంటుకుంటది, పోండి," అనేదాన్ని.

గొంగడి లేక ఆయన వట్టి మంచం మీద పడుకునేవాడు. పరుపు వేస్తే తీసి పక్కన పెట్టేవాడు, అలవాటు లేదు. పొద్దున్నే వీపు మీద మంచం నవారు అచ్చులు కనబడేవి. ఎప్పుడో ఒకరోజు ఆ అచ్చులు చూశాక నా కోపం పోయింది. పోయిందని ఎవరికీ చెప్పలేదు, చెప్పే దారి కూడా లేదు. ఎదురుగా తీగ లేదు కదా.

మిరుగం కార్తె దాటింది, వాన పడింది. రెండో వాన పడిన మర్నాడు నేను వంటింట్లో ఉన్నాను. గడప మీద కర్ర టకటకమని కొట్టిన చప్పుడైంది. తిరిగి చూస్తే మామ గుమ్మంలో ఉన్నాడు. నేను చూడగానే వెనక్కి తిరిగి పెరట్లోకి నడిచాడు. వెంట పోయాను. మొదలుకు జానెడు పైన, కాడ పక్కన, బియ్యపుగింజంత ఆకు. ఎరుపు కలిసిన లేత ఆకుపచ్చ. ఆయన కర్ర కొసతో దాన్ని చూపించి, ఆ కర్ర అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. అయినా ఆయన నోట మాట రాలేదు. సంతోషం కూడా ఈయనకు మూగదేనా అని మళ్ళీ కొంచెం కోపం వచ్చింది నాకు.

ఆ తర్వాత తీగ ఆగలేదు. వానలకు గోడంతా తిరిగి అల్లుకుంది, ఇంతకుముందుకంటే చిన్న ఆకులతో, దగ్గరదగ్గరగా. "తీగా, ఇయ్యాల జొన్నరొట్టె జెయ్యమను" మొదలైంది. "తీగా, పిండి నువ్వు విసురుతవా అని అడుగు" కూడా మొదలైంది. మోకాళ్ళు కొంత నయమయ్యాయి. ఊరినుంచి బావగారు ఫోను చేసి రమ్మంటే, "గోడ ఇంక నిండలేరా," అన్నాడు. గోడ నిండి చాలా రోజులైంది. నేను విన్నాను, విననట్టు ఉండిపోయాను.

చలికాలం ముందు ఆకు మళ్ళీ దట్టమై గోడనుంచి ఇవతలికి ఉబ్బింది. కత్తిరించాలి, అది నిజమే. ఒకరోజు నేను డ్యూటీనుంచి వచ్చేసరికి మామ కత్తెర పట్టుకుని గోడ ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు. మా ఆయన పక్కన నిలబడి ఉన్నాడు. ఒక్క ఆకు కూడా తెగలేదు.

"పొద్దటి సంది గిట్లనే కూసున్నడు," అన్నాడు మా ఆయన. "పైపైన కోయమంటే కోస్తలేడు. నన్ను ముట్టనిస్తలేడు."

"ఎందుకు?"

మామ కొడుకువైపు చూసి చెప్పాడు. "పోయినపారి అడగకుంట కోస్తి. తొలి ఉన్ని నేలల పడ్డది. గందుకే ఎండింది."

నాకు అర్థం కాలేదు. మా ఆయన మొహం మాత్రం మారిపోయింది. తర్వాత మెల్లగా చెప్పాడు. వాళ్ళ ఇంట్లో గొర్రెలకు ఉన్ని తీసిన ప్రతిసారీ తొలి కత్తెర ఉన్ని ఆ ఇంటి ఆడమనిషి కొంగులోనే పడాలట. ఆమె వచ్చి కొంగు పట్టకుండా కత్తెర కదలదట. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళు ఆమె పట్టిందట, ఆమె తర్వాత వదిన. "కోడలైతె సాలదే. ఇంటామె అనుకున్న ఆమెకే పట్టమంటరు," అన్నాడు.

నేను నన్ను చూసుకున్నాను. చుడీదార్, పైన దవాఖాన తెల్లకోటు, భుజాన చున్నీ. చేతుల్లో ఇంకా స్పిరిట్ వాసన. కొంగు లేదు. నోరు తెరిస్తే పాత అలవాటే వచ్చింది.

"తీగా... నాకు కొంగు లేదని జెప్పు. చీర కట్టుకొని వొస్త, జర ఆగమను."

మామ తీగవైపు చూడలేదు. పీట మీదనుంచి కర్ర ఊతతో లేచి, నావైపు తిరిగి, సూటిగా నా మొహంలోకి చూశాడు.

"చీరెకేంది బిడ్డా, చున్నీ లేదా? పట్టు. ఈ ఇంటిదానివి నువ్వా, చీరెనా?"

చున్నీ రెండు కొసలూ కలిపి పట్టాను. ఆయన కత్తెర వేశాడు. గుప్పెడు ఆకు వచ్చి అందులో పడింది. అది ఎంత బరువుందని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. నేను ఏడుస్తూ నిలబడ్డాను, ఆయన కోస్తూ పోయాడు.